రోజూ కిల్ట్ కట్టుకునేవారిని దారినపోయేవారు అడిగే ప్రశ్నలు: మీరేం చెబుతున్నారు?

లీత్_నివాసి (ఎడిన్‌బరో)

సభ్యులందరికీ నమస్కారం. మాది రాజమండ్రి. పదకొండేళ్ళుగా ఎడిన్‌బరోలో, లీత్ ప్రాంతంలో ఉంటున్నాను. స్కాట్లండ్ మగవారు నడుము నుంచి మోకాళ్ళ దాకా కట్టుకునే కుచ్చెళ్ళ ఉన్నిబట్టను కిల్ట్ అంటారు. రెండేళ్ళ కిందట అది ఒకటి కుట్టించుకున్నాను. పెళ్ళిళ్ళకో, జనవరి 25న కవి రాబర్ట్ బర్న్స్ పేరిట జరిగే విందుకో దాచిపెట్టుకోకుండా, వారంలో మూడు నాలుగు రోజులు దాన్నే కట్టుకుని ఆఫీసుకూ, కూరగాయలకూ, గ్రంథాలయానికీ వెళుతున్నాను. ఒంటికి హాయిగా ఉంటుంది, ఎనిమిది గజాల ఉన్నిబట్టను అంత పొందికగా మడిచిన పనితనమంటే గౌరవం. ఇంతకు మించి నాకు కారణం లేదు.

అయితే కిల్ట్‌తో గడప దాటిన రోజున ముక్కూమొహం తెలియనివారు కనీసం ఇద్దరు ముగ్గురైనా ఆపి మాట్లాడతారు. అంతకుముందు ప్యాంటుతో తిరిగిన తొమ్మిదేళ్ళలో పక్కసీటువారు నాతో మాట కలిపిన సందర్భాలను వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. చలి వేయడం లేదా, ఇవాళ ఎవరి పెళ్ళి, మీది ఏ క్లాన్ (వంశం), దీని ఖరీదెంత, కింద ఏమైనా వేసుకున్నారా అని అడుగుతుంటారు. వీటిలో చాలావాటికి జవాబు చెప్పడం నాకు ఇష్టమే. కిందటి గురువారం మాత్రం లీత్ వాక్ ట్రామ్ స్టాపులో అరవయ్యేళ్ళ పైబడిన ఒకాయన నన్ను ఎగాదిగా చూసి, "ఇది కట్టుకునే హక్కు మీకెక్కడిది?" అని అడిగారు. గొంతులో కోపం లేదు, నవ్వూ లేదు. నాకు నోట మాట రాలేదు. ఇంతలో ట్రామ్ వచ్చింది, ఎక్కేశాను. ఆ ప్రశ్న మాత్రం నాలుగు రోజులుగా నన్ను వదలడం లేదు.

ఈ వేదికలో కిల్ట్ కట్టుకునేవారు కొందరున్నారని తెలుసు. మిమ్మల్ని ఏమడుగుతున్నారు, మీరేం చెబుతున్నారు, ఎక్కడ మాట ఆపేస్తున్నారు? దయచేసి వివరంగా రాయండి.

క్లైడ్‌తీరం (గ్లాస్గో)

లీత్ గారూ, మంచి చర్చ మొదలుపెట్టారు. నేను వరంగల్ నుంచి వచ్చి ఇరవై ఏళ్ళు దాటింది. ఇక్కడి ఒక పైప్ బ్యాండులో (బ్యాగ్‌పైపుల వాద్యబృందంలో) డోలు వాయిస్తాను కనుక వేసవి మొత్తం కిల్ట్‌లోనే గడుస్తుంది. నన్ను అందరూ మొదట అడిగేది చలి గురించే. దానికి నేను ఓపికగా పూర్తి జవాబే చెబుతాను, ఎందుకంటే అడిగేవారు నిజంగానే తెలుసుకోవాలని అడుగుతారు.

ఎనిమిది గజాలంటే మన లెక్కలో పదహారు మూరలు. ఆ బట్టంతా ముందువైపు రెండు పొరలుగా, వెనకవైపు పాతిక ముప్ఫై కుచ్చెళ్ళుగా నడుము చుట్టూ చేరుతుంది. కుట్టిన కిల్ట్ మొత్తం రెండు కిలోలకు కాస్త తక్కువగా తూగుతుంది. బొడ్డు దగ్గర నుంచి మోకాలి మధ్య వరకు అంత ఉన్ని చుట్టుకున్న మనిషికి చలి ఎక్కడ వేస్తుంది? మోకాళ్ళు మాత్రం చల్లబడతాయి, అదీ మొదటి పది నిమిషాలే. జనవరిలో స్టేషన్ ప్లాట్‌ఫారం మీద నిలబడినప్పుడు ప్యాంటు వేసుకున్న నా సహోద్యోగి కన్నా నేనే సుఖంగా ఉన్నానని ప్రమాణపూర్వకంగా చెప్పగలను. అసలు బాధ వానతో వస్తుంది. తడిసిన అంచు నడుస్తున్నంతసేపూ మోకాళ్ళ వెనక ఒరుసుకుంటుంది. ఎత్తయిన కొండప్రాంతాల్లో జూన్ నుంచి కనిపించే మిడ్జ్ అనే సన్నదోమల సంగతి వేరే చెప్పనక్కరలేదు. ఈ రెండింటి గురించి మాత్రం ఇంతవరకు ఎవరూ నన్ను అడగలేదు.

గాలికి లేచిపోదా అని కూడా అడుగుతారు. నేను వెనక్కి తిరిగి కుచ్చెళ్ళు చూపిస్తాను. నడుము నుంచి పిరుదుల వరకు ప్రతి కుచ్చెనూ చేత్తో కుట్టి బిగిస్తారు, కింది భాగం మాత్రమే వదులుగా ఉంటుంది. ఆ బరువు మామూలు గాలికి లేవదు. మామూలుది కాని గాలి ఈ దేశంలో తరచుగానే వీస్తుంది కనుక వంతెన దాటేటప్పుడు ఒక చెయ్యి వెనకాల ఉంచుకోవడం అలవాటు చేసుకున్నాను.

మిమ్మల్ని హక్కు గురించి అడిగిన పెద్దాయనకు ఏం చెప్పాలో నాకన్నా చీరాల_మనవరాలు గారు బాగా చెప్పగలరని నా నమ్మకం.

చీరాల_మనవరాలు (స్టర్లింగ్)

పేరు పెట్టి పిలిచారు కనుక రాస్తున్నాను. కాస్త పెద్దదవుతుంది, మన్నించండి. మా తాతగారు చీరాలలో మగ్గం నేసేవారు. నేను ఇక్కడ వస్త్రాల మీదే పనిచేస్తున్నాను. కిల్ట్ కట్టను, కానీ కిల్ట్‌కు వాడే గళ్ళ ఉన్నిబట్టను, అంటే టార్టన్‌ను, రోజూ చేత్తో పట్టుకుంటాను.

"మీది ఏ క్లాన్?" అన్న ప్రశ్న నుంచే మొదలుపెడదాం. మన చెవికి ఇది "మీ ఇంటిపేరేమిటి? ఏ ఊరివారు?" అన్నట్టు వినబడుతుంది. ఆ ప్రశ్న మన దగ్గర ఎక్కడెక్కడికి దారితీస్తుందో తెలిసినవాళ్ళం కాబట్టి మనం వెంటనే ముడుచుకుపోతాం. ఇక్కడ అడిగేవారిలో చాలామందికి అటువంటి ఉద్దేశం ఉండదని నా అనుభవం. మీరు జవాబు చెప్పేలోపే తమ నాయనమ్మది ఏ వంశమో, ఆమె ఏ దీవి నుంచి వచ్చిందో వారే చెప్పడం మొదలుపెడతారు.

ఒక్కో వంశానికి ఒక్కో టార్టన్ అనే కట్టడి చాలామంది అనుకునేంత పాతది కాదు. 1815లో లండన్‌లోని హైలాండ్ సొసైటీ వంశపెద్దలకు ఉత్తరాలు రాసి, మీ టార్టన్ నమూనా పంపండి అని కోరినప్పుడు, తమది ఏదో తెలియని పెద్దలు కొందరు ఉన్నారు. బానక్‌బర్న్‌లో విల్సన్స్ అనే నేత సంస్థ ఉండేది. సైన్యానికీ, ఊళ్ళకూ వారే పెద్దఎత్తున టార్టన్ నేసేవారు. మొదట్లో చాలా నమూనాలకు అంకెలే ఉండేవి, తరువాత వాటికి ఊళ్ళ పేర్లూ వంశాల పేర్లూ వచ్చి చేరాయి. 1822లో నాలుగో జార్జి రాజు ఎడిన్‌బరోకు వచ్చినప్పుడు నవలా రచయిత వాల్టర్ స్కాట్ ఆ వేడుకలన్నీ దగ్గరుండి నడిపించాడు. రాజే కిల్ట్ కట్టుకుని కనిపించేసరికి, అంతకుముందు కొండప్రాంతాలవారి కట్టుగా ఉన్నది మొత్తం దేశపు కట్టుగా మారింది. ఇదంతా చెప్పి ఎవరినీ చిన్నబుచ్చాలని కాదు. రెండు వందల ఏళ్ళుగా మనుషులు తమదిగా ప్రేమించినది వారిదే. అయితే ఆ ప్రేమలో మరొకరు పాలుపంచుకోకూడదనే చట్టం ఏదీ లేదు. రాజకుటుంబానికి పరిమితమైన బల్మోరల్ వంటి కొద్దిపాటి టార్టన్‌లను మర్యాద కోసం వదిలేస్తే, మిగతావి ఎవరైనా కట్టుకోవచ్చు. ఏ వంశానికీ చెందనివారు బ్లాక్ వాచ్, హంటింగ్ స్టూవర్ట్ వంటివి ఎంచుకుంటారు. లీత్ గారు ఏది కట్టుకుంటున్నారో రాయలేదు.

హక్కు మాట వచ్చింది కనుక ఇంకొకటి. పాత రాజవంశాన్ని తిరిగి నిలబెట్టాలని కొండప్రాంతాలవారు ఎక్కువగా చేరి లేపిన 1745 తిరుగుబాటు 1746 ఏప్రిల్ 16న కల్లోడెన్ యుద్ధంతో అణగిపోయింది. ఆ ఏడాదే చేసిన చట్టంతో, సైన్యంలో ఉన్నవారు తప్ప స్కాట్లండ్ పురుషులూ బాలురూ ఈ దుస్తులు వేసుకోవడం నేరమైంది. మొదటిసారి పట్టుబడితే ఆరు నెలల జైలు, రెండోసారైతే ఏడేళ్ళ ద్వీపాంతరవాస శిక్ష. 1782లో ఆ చట్టాన్ని రద్దుచేశారు. ఒకప్పుడు కట్టుకున్నందుకే మనుషులు జైలుకు వెళ్ళవలసి వచ్చిన బట్ట ఇది. ఆ పెద్దాయన మనసులో ఈ జ్ఞాపకం ఉండవచ్చు, ఉండకపోవచ్చు. ఉందనుకునే జవాబు చెప్పడం మంచిదని నా అభిప్రాయం.

ఇక నేత సంగతి. పడుగులో ఏ రంగు పోగులు ఏ వరుసలో ఎన్ని వస్తాయో, పేకలోనూ అవే అదే వరుసలో వస్తాయి. రెండు పోగుల మీదుగా, రెండు పోగుల కిందుగా నేస్తారు కనుక బట్ట మీద ఏటవాలు గీత కనబడుతుంది. మూడు రంగుల నూలుతో మొదలుపెడితే, ఒక రంగు మరో రంగును దాటే చోట్ల కలిసిన ఛాయలతో బట్ట మీద ఆరు రంగులు తేలతాయి. మా తాతగారికి ఒక ముక్క తీసుకెళ్ళి ఇస్తే, కళ్ళజోడు తీసేసి వెలుతురుకు ఎదురుగా పట్టుకుని, వేలిగోటితో పోగులు లెక్కపెట్టుకుంటూ చాలాసేపు కూర్చున్నారు. "ఎవరు నేశారో కానీ అంచు దగ్గర చెయ్యి తడబడలేదమ్మా" అన్నారు. తాతగారు ఎవరిదని అడగలేదు, ఎట్లా నేశారని అడిగారు.

హైలాండ్_దారి (ఇన్వర్నెస్)

చరిత్ర బాగా రాశారండీ. నేను మిగిలిపోయిన ప్రశ్న గురించి రాస్తాను. కింద ఏమి వేసుకున్నారు అన్నదే ఆ ప్రశ్న.

నేను ఆరేళ్ళు ఒక హోటలు భోజనశాలలో వడ్డన పని చేశాను. అక్కడ మగవారి యూనిఫాం కిల్టే. ఈ ప్రశ్న నాకు వారానికి ఇరవైసార్లు ఎదురయ్యేది. దీనికి సైనికుల కాలం నుంచి వస్తున్న చమత్కారపు జవాబులు ఇక్కడ అందరికీ నోటికి వచ్చు. మొదటి ఏడాది నేనూ అవే చెప్పి నవ్వించేవాణ్ణి. ఒక శనివారం రాత్రి రెండు చేతులా పళ్ళాలతో వెళుతుండగా ఒక బల్ల దగ్గర ఈ ప్రశ్న అడిగి, నేను జవాబు చెప్పేలోపే వెనక నుంచి ఒకరు కిల్ట్ అంచు పైకెత్తారు. బల్ల చుట్టూ ఉన్న ఎనిమిదిమందీ నవ్వారు. వేడి పులుసు నా మణికట్టు మీద ఒలికింది. పళ్ళాలు బల్ల మీద పెట్టి వంటగదిలోకి వెళ్ళి, చన్నీళ్ళ కింద చెయ్యి పెట్టుకుని నిలబడ్డాను. పైఅధికారికి చెబితే, అతిథులు సరదాకి చేశారు, పట్టించుకోవద్దు అన్నారు. ఒక ఆడపిల్ల స్కర్టు అలా ఎత్తి ఉంటే ఆ మాట అనేవారా? కొన్నేళ్ళ కిందట మా ఊళ్ళోనే ఒక బారులో మగ సిబ్బంది ఇదే కారణంతో కిల్ట్ మానేసి ప్యాంట్లకు మారిన సంగతి పత్రికల్లో వచ్చింది. అది చదివిన రోజున, ఇది నా ఒక్కడికే జరిగినది కాదని తెలిసింది.

అందుకే ఇప్పుడు చమత్కారం మానేశాను. "ఆ ప్రశ్న మీరు ఇంకెవరినైనా అడుగుతారా?" అని నెమ్మదిగా తిరిగి అడుగుతాను. చాలామంది తలదించుకుంటారు. బట్ట గురించి ఎన్ని ప్రశ్నలైనా అడగనివ్వండి. ఇది మాత్రం ఒంటి గురించి అడిగే ప్రశ్న, దాన్ని బట్ట ప్రశ్నల్లో కలపవద్దని కొత్తగా కట్టుకునేవారందరికీ నా మనవి.

న్యాయపుస్తకం (ఎడిన్‌బరో)

హైలాండ్ గారూ, మీకు జరిగినది చదివి చాలా బాధపడ్డాను. చట్టం విషయం క్లుప్తంగా రాస్తాను. అనుమతి లేకుండా ఎదుటివారి దుస్తులు ఎత్తడం దాడి కిందికి వస్తుంది, సందర్భాన్నిబట్టి 2009 నాటి లైంగిక నేరాల చట్టం కిందికీ వస్తుంది. దుస్తుల అడుగున కెమెరా పెట్టి చిత్రాలు తీయడాన్ని స్కాట్లండ్ 2010లోనే నేరంగా చేసింది. ఇంగ్లండ్, వేల్స్‌లలో ఆ చట్టం 2019లో వచ్చింది. స్కర్టైనా కిల్టైనా, ఆడవారైనా మగవారైనా తేడా లేదు.

మేజోటిలో పెట్టుకునే చిన్న కత్తి గురించి కూడా దారిలో అడుగుతుంటారు. దాన్ని స్కియన్ దూ అంటారు. బహిరంగ ప్రదేశంలో కత్తి ఉంచుకోవడం నేరమే అయినా, జాతీయ దుస్తుల్లో భాగంగా ధరించినట్లయితే స్కాట్లండ్‌లో 1995 నాటి చట్టం మినహాయింపు ఇస్తుంది. విమానం క్యాబిన్‌లోకి మాత్రం రానివ్వరు, చెక్‌ఇన్ పెట్టెలోనే పెట్టాలి. రోజువారీ కట్టుకు అసలు అవసరం లేదు కనుక ఇంట్లోనే ఉంచమని చెబుతాను.

డండీ_అక్క (డండీ)

హైలాండ్ తమ్ముడూ, నీ చేతికి జరిగినదానికి, ఆ తరువాత నీ పైఅధికారి అన్న మాటకు నాకూ కోపం వచ్చింది. అయినా ఒక్క మాటలో నీతో విభేదిస్తాను. నేను నర్సును. మా వార్డులో ఎనభై, తొంభై ఏళ్ళ ముసలమ్మలు కిల్ట్‌తో వచ్చిన ప్రతి మనవడినీ ఈ ప్రశ్న అడుగుతారు. వారికది చిన్ననాటి పొడుపుకథలాంటిది, జవాబు ఏదైనా నవ్వుకుని మాట మార్చేస్తారు. తాగి చెయ్యి వేసినవాడినీ, మంచంలోంచి అడిగిన ముసలామెనూ ఒకే గాటన కట్టలేను. తిరుగుప్రశ్న వేసే ముందు అడిగినది ఎవరో ఒక్క క్షణం చూడమని మాత్రమే నా మాట.

మా అమ్మాయి హైలాండ్ నృత్యం నేర్చుకుంటోంది. పోటీకి వెళ్ళేటప్పుడు బస్సులో కిల్ట్‌తో ఉంటుంది. "ఇది మగవారిది కదమ్మా?" అని దాన్ని అడుగుతారు. ఒకప్పుడు మగవారి నృత్యమే అయినా, ఇప్పుడు ఆ పోటీల్లో ఎక్కువమంది అమ్మాయిలే. అది ఆ సంగతి చెప్పి, చేతులు నడుం మీద పెట్టుకుని ఒక అడుగు వేసి చూపిస్తుంది.

2023లో మా ఊరి వి అండ్ ఏ మ్యూజియంలో టార్టన్ ప్రదర్శన పెట్టినప్పుడు గ్లెన్ ఆఫ్రిక్ దగ్గర పీట్ బురదలో దొరికిన ముక్కను చూశాను. 1500కీ 1600కీ మధ్య నేసినది అట. స్కాట్లండ్‌లో దొరికిన నిజమైన టార్టన్‌లలో అదే అన్నిటికన్నా పాతది. గాజుపెట్టెలో చిన్న గోధుమరంగు గుడ్డముక్క, దగ్గరగా వంగితే గాని గళ్ళు కనబడవు. దాన్ని ఎవరు కట్టుకున్నారో, ఏ వంశమో ఎవరికీ తెలియదు. ఆ హక్కు ప్రశ్న చదివినప్పుడు నాకు ఆ గుడ్డముక్కే గుర్తుకొచ్చింది.

తుని_తమ్ముడు (హైదరాబాద్)

పెద్దలందరికీ నమస్కారం. ప్రాణస్నేహితుడి పెళ్ళికి సెప్టెంబరులో స్టర్లింగ్ వస్తున్నాను. పెళ్ళికూతురిది అక్కడి కుటుంబం. పెళ్ళికొడుకు తరఫువారందరం కిల్ట్ కట్టుకోవాలని ఆమె తండ్రిగారే కోరారు. నేను కట్టుకుంటే వేళాకోళంగా అనిపిస్తుందేమోనని భయంగా ఉంది. ఫోటో చూపిస్తే మా అమ్మ, "ముందు ఆ తోలుసంచి ఏమిటి నాయనా, బస్సు కండక్టరులాగా?" అని అడిగింది. మా బాబాయి, "మగవాడివై ఉండి లంగా ఏమిట్రా?" అన్నారు. వారికి ఏం చెప్పాలో, అక్కడ ఎట్లా మసలుకోవాలో చెప్పగలరు.

క్లైడ్‌తీరం (గ్లాస్గో)

తమ్ముడూ, పిల్లనిచ్చే మామగారు స్వయంగా అడిగారంటే నీకు చనువిచ్చినట్టే. మన పెళ్ళికి వచ్చిన విదేశీ అతిథికి పంచె పెట్టి కట్టుకోమంటే, అతను కట్టుకుని పందిట్లోకి వస్తే మనవారు ఎంత మురిసిపోతారో తలుచుకో. బాబాయిగారికి నేనైతే ఇలా చెబుతాను: గుడిలోకి పంచెతో, ఇంట్లో లుంగీతో తిరిగే మనం కాళ్ళ మధ్య కుట్టు లేని బట్టను ఆడవారిదని ఎలా అంటాం? అమ్మగారి పోలిక చాలా సరైనది. దాన్ని స్పొరాన్ అంటారు. కిల్ట్‌కు జేబులు ఉండవు కనుక డబ్బు, ఫోను, తాళాలు అందులోనే.

చెయ్యవలసినవి కొన్ని ఉన్నాయి. దుకాణంలో అద్దెకు తీసుకునేటప్పుడు మోకాళ్ళ మీద కూర్చుని చూడు. అంచు నేలకు తగిలీ తగలనట్టుండాలి, నేల మీద పరుచుకుంటే పొడవు ఎక్కువైనట్టు. ప్యాంటులా తుంటి మీదికి దింపకు, బొడ్డు దగ్గరే బిగించు. పైపొర అంచు నీ కుడివైపుకు రావాలి. పైపొర అంచున పెట్టే అలంకారపు పిన్నును పైపొరకు మాత్రమే గుచ్చాలి, రెండు పొరలకూ కలిపి గుచ్చితే మొదటిసారి కూర్చున్నప్పుడే బట్ట చిరుగుతుంది. కూర్చునేటప్పుడు అరచేత్తో వెనక కుచ్చెళ్ళను కిందికి నిమిరి, వాటి మీద కూర్చుని, స్పొరాన్‌ను తొడల మధ్యకు జారనివ్వు. ఇంట్లో కుర్చీ మీద పదిసార్లు సాధన చెయ్యి. చీర కట్టుకున్న ఆడవారు బస్సులో కూర్చునేటప్పుడు చేసే పనే ఇది, మీ అమ్మగారిని అడిగినా చూపిస్తారు.

కొనుక్కుని తీసుకెళ్ళాలనుకుంటే పెట్టెలో మడతపెట్టకు. కుచ్చెళ్ళను పొడవునా సరిచేసి, వెడల్పువైపు చాపలా చుట్టి, పాత నైలాను మేజోటి కాలులోకి దూర్చి పెట్టు. తీసినప్పుడు ఇస్త్రీ అక్కరలేదు.

లీత్_నివాసి (ఎడిన్‌బరో)

అందరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. మనవరాలు గారూ, నాది బ్లాక్ వాచ్. ముదురు ఆకుపచ్చ, నీలం, నలుపు. కొన్నప్పుడు రంగు నచ్చి తీసుకున్నాను. అది సైనికదళపు టార్టన్ అని తరువాత తెలిసింది. ఆ పెద్దాయన ఆ దళంలో పనిచేసిన మనిషేమో అన్న ఆలోచన మీ జాబు చదివాకే వచ్చింది. అదే నిజమైతే ఆయన ప్రశ్న నేను విన్న ప్రశ్న కాదు.

వారం రోజులుగా అదే వేళకు అదే స్టాపుకు వెళుతున్నాను, ఆయన కనబడలేదు. కనబడితే ఏం చెప్పాలో అనుకున్నాను: ఈ ఊళ్ళోనే ఒకామె నా నడుము కొలిచి, నెలన్నరపాటు చేత్తో కుట్టి ఇచ్చారు, కట్టుకోవడమూ ఆమే నేర్పారు, మీకు ఇందులో ఏదైనా తప్పు కనబడితే చెప్పండి, దిద్దుకుంటాను. హక్కు ఉందని వాదించడం కన్నా ఇదే నాకు నిజంగా తోచింది.

నిన్న ట్రామ్‌లో ఐదారేళ్ళ పాప నా స్పొరాన్ వైపు వేలు చూపించి, "అందులో ఏముంది?" అని అడిగింది. తల్లి క్షమించమని అంటూ పాపను వెనక్కి లాగబోయింది. పరవాలేదని మూత తెరిచి చూపించాను. ఇంటి తాళాలు, ట్రామ్ కార్డు, కొంత చిల్లర, కిందటి నెల అమ్మ పంపిన వక్కపొడి పొట్లం. పాప ఆ పొట్లాన్ని వాసన చూసి, ఇదేమిటని అడిగింది. మేము దిగవలసిన స్టాపు వచ్చేవరకు దాని గురించే మాట్లాడుకున్నాం.